అటక మీది చేతికర్ర

చేతులు నొప్పి తల్లీ, అందుకే కొట్టను. ఏం, నవ్వుతావేం? నమ్మకపోతే మానెయ్. ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి, ముద్ద కలపబోయే ముందు వేళ్ళు మడిచి టక్ టక్ టక్ మని మూడుసార్లు కొడతారు, పళ్ళు కూడా రాని పసివాడు కూడా చెంచాతో కొడతాడు, ఈ చిన్నతాత ఒక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంటాడు. ఇన్నేళ్ళకి నువ్వొక్కదానివే చూశావు. మీ నాన్నయితే చిన్నాన్నకి మొదట్నించీ మొండితనం అని తేల్చేశాడు, అదీ ఒకందుకు మంచిదే, ముసలితనంలో మొండివాడనిపించుకుంటే ఎవరూ ఎందుకని అడగరు. కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది, ఈ మంచం మీద కూర్చో. నీ చేతిలో అదేంటి, రేపటి మీ తాత సంస్మరణ సభ కార్డా? ఇలా ఇవ్వు. కళ్ళజోడు ఆ కిటికీలో ఉంది చూడు. ఆఁ. ఈ బొమ్మే వేశారన్నమాట. వేస్తారు, ఎందుకు వెయ్యరు, దీనికేగా వాడికి పతకం ఇచ్చారు. నువ్వు మాట్లాడేది కూడా ఆ భోజనం కథేనా? మీ తాత చెప్పినట్టే చెప్తావా? చెప్పు, బాగానే ఉంటుంది. చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారు. మా అన్నయ్య కళ్ళు బతికుండగానే చారెడు, ఇంక పోయాక చెప్పాలా.

వాడు మా పెదనాన్న కొడుకు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే ఏడు పైదేశం వెళ్ళాం, వాడు ఇళ్ళు కట్టే చదువుకి, నేను నేత యంత్రాల చదువుకి. ఒకే గది. కిటికీ తీస్తే ఎదురుగా గోడ, వేస్తే ఊపిరాడదు. అక్కడి హాస్టల్లో తిండి సంగతి ఏం చెప్పను, అన్నీ ఉడకపెట్టేవాళ్ళు, ఉడకపెట్టి ఊరుకునేవాళ్ళు. ఉప్పు వేస్తే పాపమన్నట్టు. ఆకలి రుచెరగదంటారు గానీ ఆ సామెత పుట్టించినవాడు మా హాస్టల్లో తినలేదు. మొదటి చలికాలం ఇద్దరం అద్దంలో చూసుకుంటే చొక్కాలు కొయ్యకి తగిలించినట్టు ఉండేవి. అట్లా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం, ఒకటే వాన, వాడి బూటు అడుగు ఊడిపోయింది. చెప్పులు కుట్టేవాడి కొట్టు వెతుక్కుంటూ ఓ సందులోకి వెళ్ళాం. ఆ కొట్టు మూసి ఉంది. పక్కన గొడుగులు బాగుచేసేవాడిది, అదీ మూసే ఉంది. ఆ రెంటి మధ్యా, మనింటి స్టోర్ రూమంత వెడల్పు లేదు, ఆవిరి పట్టిన గాజు తలుపు ఒకటి. దాని సందుల్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. మీ తాత ఒంటికాలి మీద నిలబడి, ఊడిన బూటు చేత్తో పట్టుకుని, ఒరేయ్ నేనిక్కణ్ణించి కదలను అన్నాడు.

లోపల మూడంటే మూడు బల్లలు. మేం వెళ్ళేసరికి నలుగురైదుగురు కూర్చునున్నారు, అందరి ముందూ వేడివేడి గిన్నెలు పొగలు కక్కుతున్నాయి, ఒక్కడూ తినట్లేదు. చెంచాలు పట్టుకుని పైకప్పుకేసి చూస్తున్నారు. ఏదైనా పూజ మధ్యలో వచ్చామేమోనని భయపడ్డాం. ఒకావిడ, నడుముకి తువ్వాలు చుట్టుకున్న మనిషి, మమ్మల్ని భుజాలు పట్టి కూర్చోబెట్టి మా ముందూ గిన్నెలు పెట్టింది. ఏం కావాలని అడగలేదు. అక్కడ అడగడమనేది లేదు, ఆ పూట ఇంట్లోవాళ్ళకి ఏం వండారో అదే అందరికీ. గింజల పులుసు, చిక్కగా, అందులో వెన్నలా మెత్తబడ్డ కూరముక్కలు, మీద ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, పక్కన అప్పుడే కాల్చిన రొట్టె. నా నోట్లో నీళ్ళూరిపోతున్నాయి. చెంచా ముంచబోతే పక్కాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పుడు పైనుంచి ఒక చప్పుడు. టక్. కర్రతో చెక్క మీద కొట్టినట్టు, ఒక్కటే. అంతే, అందరూ ఒక్కసారి తినడం మొదలుపెట్టారు. మేమూ పడ్డాం. అమ్మా, ఇదిగో, ఇప్పుడు చెప్తున్నా, నేను నా పెళ్ళిభోజనం మర్చిపోయాను గానీ ఆ గిన్నె మర్చిపోలేదు. వేడికి నాలుక కాలింది, కాలినా ఆపలేదు. మొదటి నాలుగు చెంచాలు ఆకలికి, ఆ తర్వాతవన్నీ రుచికి. ఉప్పు, ఉప్పు ఉందమ్మా దాంట్లో, ఎంతుండాలో అంత. మీ తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నిజం. కథలో చెప్పేవాడు కదా ఏడ్చేశానని, అది కల్పన కాదు, నేను పక్కనే ఉన్నాను. గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడుచుకు తిన్నాం. ఆవిడ చూసి, ఏమీ అనకుండా, మళ్ళీ నింపింది.

ఇక్కడిదాకా మీ అందరికీ తెలిసిందే. ఇక్కడితో ఆపేవాడు వాడు.

అక్కణ్ణించి రోజూ పోయేవాళ్ళం. పొయ్యి దగ్గరుండే ఆయనకి గరిటె అని పేరు పెట్టాం, మాలో మాకే, మన భాషలో. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, తల మాత్రం గుండ్రం. ఆవిణ్ణి వదిన అనేవాళ్ళం. ఒకరోజు వదిన ఆ మాటకి అర్థమేంటని అడిగితే అన్నయ్య భార్య అని చెప్పాం, మురిసిపోయింది, మర్నాటి నుంచి అలా పిలవకపోతే పలికేది కాదు. పైన చప్పుడు చేసేది గరిటె తల్లి. నడుం పడిపోయిన ముసలమ్మ. పొయ్యికి సరిగ్గా పైన చెక్కలతో అటక వేసి, అక్కడ మంచం వేశారు. పొయ్యి వేడి పైకి పోతుంది కదా, ఆవిడ రొమ్ముకి ఆ వెచ్చదనం ఉంటేగాని ఊపిరి ఆడదు. వాళ్ళిద్దరూ కూడా అక్కడే, ఆవిడ పక్కన చాప వేసుకుని పడుకునేవాళ్ళు. ఇంకో ఇల్లు లేదు. ఎక్కడానికి పొయ్యి పక్కన నిచ్చెన, దాని కొసన అటక నేలలోనే చిన్న చెక్కతలుపు. అసలు ఆ వంటలన్నీ ఆవిడవే. నడుం ఉన్నన్నాళ్ళూ తనే వండింది. పడిపోయాక కొడుకు వండి, తాడు కట్టిన బుట్టలో చిన్న గిన్నె పెట్టి పైకి లాగేవాడు, ఆవిడ రుచి చూసి చేతికర్రతో నేలమీద కొట్టేది. ఒకటి కొడితే బాగుంది, తినండి. రెండు కొడితే ఉప్పు చాల్లేదు. అప్పుడు వదిన పరుగెత్తుకొచ్చి అందరి గిన్నెల్లో ఉప్పు చల్లిపోయేది, ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు. మూడు కొడితే మాత్రం వంట సంగతి కాదు. మూడు కొడితే రండి, నాకు చేతకావట్లేదు, ఎవరో ఒకరు రండి అని. మూడు వినబడితే గరిటె చేతిలో ఏముంటే అది పడేసి నిచ్చెన ఎక్కేవాడు. ఓసారి నూనెలో ఉల్లిపాయలు మాడి బొగ్గయిపోయాయి, ఆ పూట అందరం మాడు ఉల్లిపాయలే తిన్నాం. విన్నావా, మూడంటే ఏంటో? సరే, గుర్తుపెట్టుకో.

ఆ అటక సంగతి బయటివాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. ఎవరైనా కొత్తవాడు పైన ఏం చప్పుడని అడిగితే, పైవాటాలో ఎవరో ఉన్నార్లెండి అనేది వదిన. పొయ్యి మీద మనుషులు పడుకోకూడదని అక్కడ చట్టం. వాళ్ళకి తెలుసు. ఏం చేస్తారు, తెలిసినా తల్లిని ఎక్కడ పెట్టుకుంటారు? మాకు మాత్రం దాచలేదు. మీ తాతకి దాచడమెవరి తరం, వాడు నవ్వుతూ పలకరిస్తే బీరువాలు తాళాల్లేకుండా తెరుచుకునేవి. నెల తిరక్కుండా వాణ్ణి పైకి తీసుకెళ్ళింది వదిన. ముసలమ్మ వాడి చెంపలు తడిమి, మా వాడికంటే చిక్కిపోయాడు వీడు, వీడికి రెండోసారి అడక్కుండా పెట్టండి అందిట. ఆవిడ గొంతు అచ్చం దించేవాడు మీ తాత, ముక్కుతో, ఇలా సాగదీసి. నువ్వూ వినుంటావు.

ఇంతలో వాడి ఆఖరి ఏడు పరీక్షకి బొమ్మ ఒకటి కావాల్సొచ్చింది. ఊళ్ళో ఏదో ఒక కట్టడాన్ని కొలిచి, నిలువునా కోసినట్టు లోపలంతా కనపడేలా గీయాలి. అందరూ గడియారాల స్తంభాలూ, వంతెనలూ పట్టుకుంటే వీడు పూటకూళ్ళిల్లు పట్టుకున్నాడు. తెలివైనవాడమ్మా, కాదనను. టేపు తీసుకుని వారంరోజులు అక్కడే. బల్లలు కొలిచాడు, పొయ్యి కొలిచాడు, నిచ్చెనకి ఎన్ని మెట్లో రాసుకున్నాడు, తలెత్తి వాసాలు లెక్కపెట్టాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమని మనవాళ్ళు ఊరికే అంటారనుకునేవాణ్ణి, కళ్ళారా చూశాను. వదిన పాపం టేపు రెండో కొస తనే పట్టుకుంది. మాది బొమ్మ గీస్తున్నారు అని వచ్చినవాడికల్లా చెప్పింది. గరిటె ఆ వారం రోజూ గడ్డం గీసుకున్నాడు.

నేను గదిలో ఆ కాగితం చూశాను. ఇదిగో, ఇందులో ఉందిగా, చూడు, ఇక్కడ పొయ్యి, ఇక్కడ నిచ్చెన, ఈ పైన మంచం, మంచం మీద ముసలమ్మ, చేతిలో కర్ర. బుట్ట సగం దారిలో వేలాడుతోంది. ఎంత బాగుందో చూడు. వేలు పెడితే వేడిగా తగుల్తుందేమో అన్నట్టుంది. నేనన్నాను, అన్నయ్యా, ఇది ఎక్కడ పెడతారు అని. నగరసభ హాల్లో పెడతారు, ఊరంతా చూస్తుంది అన్నాడు. ఊరంతా చూస్తే వాళ్ళ గతేంటి అన్నాను. అటక ఒక్కటి తీసెయ్యి, పైన ఏవో బస్తాలు గీయి, సామాన్లు గీయి అన్నాను. బతిమాలాను తల్లీ, గడ్డం పట్టుకుని. వాడు పెన్సిల్ చెక్కుకుంటూ, "అటక లేకపోతే ఆ బొమ్మకి ప్రాణమేదిరా" అన్నాడు. ఇంక ఆ ముక్కకి తిరుగులేదు. రెండ్రోజులు మాట్లాడుకోలేదు. హాస్టల్లో ఉప్పులేని తిండి ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

బొమ్మలు పెట్టిన రోజు వాళ్ళని పిలిచాడు. అదే నాకు... పిలవకపోయినా బాగుండేది. కొట్టు మూసి వచ్చారమ్మా. అది ఎప్పుడూ మూసింది లేదు. ముసలమ్మ దగ్గర గొడుగులవాడి భార్యని కూర్చోబెట్టి వచ్చారు. వదిన ఎవరిదో అరువు తెచ్చుకున్న కోటు వేసుకుంది, చేతులు పొడుగైపోయి వేళ్ళు కనపళ్ళేదు. గరిటె జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ఆ పెద్ద హాల్లో, ఆ దీపాల కింద, చెప్పుల చప్పుడుకి కూడా భయపడుతూ నడిచి, వాళ్ళ బొమ్మ ముందు నిలబడ్డారు. కట్టడాల తనిఖీ చేసే పెద్ద అధికారి ముఖ్య అతిథి. ఆయన చెడ్డవాడు కాదు, టోపీ చేత్తో పట్టుకుని, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. మీ తాత పక్కనే. నేను కోట్లు తగిలించే చోట ఉన్నాను, మా ఇద్దరివీ తగిలించి వెనక్కి తిరిగేసరికి, మీ తాత వదిన భుజం మీద చెయ్యేసి ముందుకు తీసుకొచ్చి, ఆ ఇల్లు వీళ్ళదేనండీ అంటున్నాడు. ఆయనెవరో వాడికి తెలుసు. వదినకి తెలీదు. ఆయన అడిగాడు, ఈ మంచం మీద ఈవిడ, ఇది ఊహేనా, ఎంత బాగా ఊహించాడు అని. ఆయన అలా అనగానే వీడు అవునండీ అంటే అయిపోయేది. ఒక్క ముక్క. నోట్లో నువ్వుగింజ నాననివాడు, ఆ క్షణాన నోరు మూసుకు నిలబడ్డాడు. ఊహ అంటే బొమ్మ విలువ తగ్గిపోదూ? వదినే చెప్పింది. నవ్వుతూ, కోటు చేతుల్లోంచి వేలు బయటికి లాగి చూపించి, "ఊహ కాదండీ, మా అత్తగారు. రోజూ అక్కడే పడుకుంటుంది. మేమూ అక్కడే" అంది. ఎంత గర్వంగా చెప్పిందో. వాళ్ళత్తగారి బొమ్మ నగరసభ హాల్లో పెట్టారమ్మా, చెప్పదా మరి?

పతకం వచ్చింది. పడవకి టిక్కెట్టు ముందే కొనుక్కున్నాడు, పతకం పెట్టెలో పెట్టుకుని మన దేశం వచ్చేశాడు. నాకింకా ఏడాది చదువుంది. వాడు పడవెక్కిన వారంలోనే, కొట్టు మూసెయ్యాలని గాజు తలుపుకి కాగితం అంటించారు. చట్టం తప్పని నేననను. పొయ్యి మీద మనుషులు, దిగడానికి ఒక్క నిచ్చెన, అంటుకుంటే ఏమయ్యేది? నిజమే. కానీ ఇళ్ళు కట్టే చదువు చదివినవాడివి, ఆ ఇంట్లో ఏడాది తిన్నావు, నాయనా, వెనకగోడకి నాలుగు మెట్లు గీసివ్వలేకపోయావా? పొయ్యి కాస్త జరపమని చెప్పలేకపోయావా? చదివింది అదేగా. నిచ్చెన అందంగా గీసి పతకం తెచ్చుకున్నాడు గానీ, మెట్లు గీయాలని వాడికి తట్టలేదు. ఉప్పు తిన్న విశ్వాసం అంటారే, ఆ ఉప్పు ఎంత లెక్కగా వేసేదమ్మా ఆ ముసలావిడ.

మొగుడూ పెళ్ళాలకి ఎక్కడో కార్ఖానా వంటింట్లో పని దొరికింది, పడక కూడా అక్కడే, తల్లిని మాత్రం రానిచ్చేది లేదన్నారు. ముసలమ్మని దిక్కులేనివాళ్ళ ఆసుపత్రిలో వేశారు. ఒక ఆదివారం గరిటెతో నేనూ వెళ్ళాను. డబ్బాలో పులుసు తెచ్చాడు, బయటి తిండి కుదరదని గుమ్మం దగ్గరే తీసుకున్నారు. పొడుగాటి హాలు, వరసగా ఇనపమంచాలు, చలి. చేతికర్ర ఉంటే పక్కవాళ్ళకి నిద్ర ఉండట్లేదని తీసేశారట. చెంచాతో కొడుతోంది మంచం ఇనుము మీద. మూడు. ఆగి మళ్ళీ మూడు. గరిటె ఆవిడ చెయ్యి పట్టుకుని, అమ్మా వచ్చాను, ఇదిగో ఇక్కడే ఉన్నాను అంటాడు. ఆవిడ వాడి మొహం చూడదు. వంగి నేలకేసి చూస్తోంది. ఎందుకో మొదట నాకర్థం కాలేదు. అన్నేళ్ళూ మనుషులు ఆవిడ దగ్గరికి నేలలోంచేగా వచ్చేవాళ్ళు, చెక్కతలుపు తీసుకుని. కొడుకు పక్కన నిలబడి ఉండగా, నేల తెరుచుకుంటుందేమోనని చూస్తూ కొడుతూనే ఉంది. మేం బయటికొచ్చి వీధి చివరికి వచ్చేదాకా నాకు వినబడుతూనే ఉంది, వినబడిందో, నాకే అలా అనిపించిందో. ఆ చలికాలం దాటలేదు ఆవిడ.

నేను తిరిగొచ్చేసరికి మీ తాతకి పెళ్ళి కుదిరింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే చెప్పాను, పెరట్లో, వాడు పళ్ళు తోముకుంటుంటే. అంతా చెప్పాను. ఆసుపత్రీ, చెంచా, మూడు దెబ్బలూ, ఒక్కటీ దాచలేదు. వాడు పుక్కిలించి ఉమ్మి, మొహం తుడుచుకుని, తువ్వాలు మడత పెట్టాడు. "లేనిది గీశానా నేను?" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కాబోయే అత్తవారు భోజనానికొచ్చారు. మీ నానమ్మ తలవంచుకుని కూర్చుంది. అందరి ముందూ వాడు మొదలుపెట్టాడు, వానా, ఊడిన బూటూ, గాజు తలుపూ, గిన్నె, కళ్ళలో నీళ్ళు. ఎంత బాగా చెప్పాడో, వడ్డించేవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని నిలబడిపోయారు. పైన ఒక దేవతలాంటి ముసలమ్మ ఉండేదండీ, ఆవిడ చప్పుడు చేస్తేగాని మేం ముద్ద ముట్టేవాళ్ళం కాదు అని, వేళ్ళు మడిచి బల్ల మీద కొట్టాడు. ఒకటి కాదు. టక్ టక్ టక్. అందరూ నవ్వి తామూ కొట్టారు. మీ నానమ్మ కూడా తలెత్తకుండానే కొట్టింది. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. చేతులు కడుక్కునే దగ్గర పట్టుకుని అడిగాను, పొద్దున్నేగా చెప్పాను నీకు మూడంటే ఏంటో అని. మెల్లగా నా భుజం తట్టాడు. "ఒకటి కొడితే కథ పండదురా" అన్నాడు.

అదమ్మా. అప్పణ్ణించీ ఈ ఇంట్లో పెళ్ళికీ పేరంటానికీ, రోజువారీ చారన్నానికీ కూడా మూడు. మీ నానమ్మ బతికున్నన్నాళ్ళూ నేను నోరెత్తలేదు, వాడంటే ఆవిడకి దేవుడు, ఎందుకు చెడగొట్టడం. ఇప్పుడు ఆవిడా లేదు. వాడి మీద నాకు ప్రేమ లేదనుకోకు. వాడు పోయినరోజు పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ క్షమించలేదు. ప్రేమ ఉంటే క్షమించాలని ఎక్కడుంది? నువ్వు రేపు ఏం చెప్తావో నీ ఇష్టం. నేనిలా చెప్పు అలా చెప్పు అనను, నీకు మైకిస్తారు, నువ్వు చదువుకున్నదానివి. బొమ్మ బాగుంది, భోజనం బాగుంది, రెండూ నిజమే. ఏంటా మొహం, ఏడుపెందుకు, ఇదిగో కార్డు తీసుకో, తడిసిపోతుంది.

వడ్డించేసినట్టున్నారు. కూర వాసన చూశావా, మీ అమ్మ ఇవాళ ఉల్లిపాయలు మాడ్చింది. నేనా, నేను తర్వాత తింటాను, మందేసుకుని గంట కాలేదు. నువ్వు పద, నీకోసం ఆగుంటారు. ఈ కిటికీ రెక్క కొంచెం... వద్దులే, ఉండనీ.

అదిగో. కొట్టారు. మూడు.

వెళ్ళమ్మా. మూడు కొడితే ఎవరో ఒకరు వెళ్ళాలి.